కంటిచూపుతో కోసేస్తా!

ముప్ఫై ఏళ్లుగా జాకెట్లు కుడుతున్న టైలరు మెడలోంచి టేపు తియ్యడు. తరతరాల కంసాలి కూడా గురివింద గింజలు పెట్టి తూచాడే గాని, అరచేతిలో ఎగరేసి బంగారం బరువు చెప్పలేదు. ఆదివారం పూట ఆక్సా బ్లేడు పట్టిన గృహస్థుకి మాత్రం కన్నే మూలమట్టం. టేపు తీస్తే పరువు పోతుంది.

మా బావమరిది ఈ మతానికి పీఠాధిపతి. డాబా మీద నిలబెట్టి, చిల్లులు పెట్టి, పాలకూర పెంచుతానని నాలుగంగుళాల పీవీసీ పైపు తెచ్చాడు. నాలుగంగుళాలన్నది కొట్టు భాష. బయటి కొలత 110 మిల్లీమీటర్లు. గీత గియ్యమన్నాను. "నాకెందుకు బావా గీత!" అంటూ కాలితో పైపు తొక్కిపట్టి, పైనుంచి కిందికి పరపరా కోత మొదలెట్టాడు.

బ్లేడు ఎక్కడ దిగిందో కనిపిస్తుంది గాని ఎక్కడ తేలుతుందో కనిపించదు. మొదట్లో వెంట్రుకవాసి పక్కకి పోయిందంటే, ఆ గాడే బ్లేడుని తన దారిన లాక్కుపోతుంది. పైపు తెగకముందే రంపం ఫ్రేము వీపు వచ్చి దానికి తగులుతుంది. అప్పుడు వీరుడు పైపు తిరగేసి అవతలనుంచి కోస్తాడు. రెండు కోతలూ కలవాల్సిన చోట ఓ మెట్టు.

నిలబెడితే ఒరిగింది. ఎత్తున్న వైపు కోశాడు, ఇంకోవైపు ఒరిగింది. పిల్లులకి రొట్టె పంచిన కోతి గుర్తొచ్చింది నాకు. మూడడుగుల పైపు రెండున్నరకి దిగాక గ్రైండరు తీశాడు. 80 డిగ్రీల దగ్గరే మెత్తబడే సరుకది. చక్రం రాపిడికి తెగడం మానేసి పాకంలా అంచుకి అంటుకుంది. మాడిన పీవీసీ ఆమ్లపు ఆవిరి కక్కుతుంది. పక్కింటావిడ కిటికీలు వేసుకుంది.

ఇంత యుద్ధానికి మందు పాత క్యాలెండర్ కాగితం. పైపు చుట్టుకొలత దాదాపు 346 మిల్లీమీటర్లు. అంతకంటే పొడుగున్న కాగితాన్ని బిగించి చుట్టి, అంచు మీద అంచు కలిపితే అదే అడ్డగీత, వంకర పోదామన్నా పోదు. పైపుని తిప్పుకుంటూ ఒక్కోచోట నాలుగు లాగులు లాగి, చుట్టూ గాడి పడ్డాకే లోతుకి దిగాలి. ఆఖర్న ఆకురాయితో నూగు తీసేస్తే సరి. చెప్పాను కూడా.

"కాగితం చుట్టడానికి ఇదేమన్నా మిరపకాయ బజ్జీల పొట్లమా బావా?" అన్నాడు. పైగా, "నా కోత తిన్నగానే ఉంది, మీ డాబాయే వాటంగా ఉంది" అని తేల్చాడు.

వాన నీళ్లు పోవడానికి మేస్త్రీ పెట్టిన వాటం ఉన్నమాట నిజమే. పైపు మొదట్లో చెంబెడు నీళ్లు పోశాను. నీళ్లు పడమటికి పారాయి. పైపు తూర్పుకి ఒరిగి ఉంది.