యంత్ర మాపి నిలిచె నయ్యగారు: టీకా తాత్పర్య సహితం

మూలం

తెల్ల టోపి పెట్టి తేరిపారగఁ జూచి
చేతు లెదను గట్టి చెదరకుండ
మడత నలగనట్టి మంచి కోటు దొడిగి
యంత్ర మాపి నిలిచె నయ్యగారు

అవతారిక

ఆయుధపూజ దగ్గరపడిందంటే ముత్తంగి నుంచి సదాశివపేట దాకా హైవే పక్కన ఒకే మనిషి కనిపిస్తుంటాడు. పాశమైలారం మలుపులో ఫ్లెక్సీ మీద ఉంటాడు. బొల్లారం ఐడీఏలో గేటు మీద ఉంటాడు. పత్రికల వాళ్లు వేసే పారిశ్రామిక ప్రత్యేక అనుబంధంలో అరపేజీ ఆక్రమించి ఉంటాడు. ముఖాలు వేరు, కంపెనీల పేర్లు వేరు. తెల్ల హెల్మెట్టు మాత్రం అదే, నల్ల కోటు అదే, కట్టుకున్న చేతులు అవే, వెనక మసకబారిన యంత్రమూ అదే. కింద ఎమ్డీ గారికి ‘దార్శనికులు’ అని బిరుదు.

ఇంతటి మనిషి మీద ఇంతవరకూ ఒక్క పద్యం లేకపోవడం తెలుగు సాహిత్యానికి లోటు కనక పై ఆటవెలది నేనే కట్టాను. దానికి టీక ఇంకెవరూ రాయరు కనక అదీ నేనే రాస్తున్నాను. తన గ్రంథానికి తానే వ్యాఖ్య రాసుకోవడాన్ని స్వోపజ్ఞ వ్యాఖ్య అంటారు. పూర్వులు చేసిన పనే, సిగ్గుపడాల్సిందేమీ లేదు. ఇక ప్రత్యక్ష ప్రమాణం కావాలంటారా, ఆ మధ్య ఒక కంపెనీ రజతోత్సవ సంచికకు తెలుగు దిద్దిపెట్టే పని మీద వెళ్లి ఈ బొమ్మ తయారయ్యే తీరు దగ్గరుండి చూశాను. కంపెనీ పేరు అనవసరం. ఏ షెడ్డుకు వెళ్లినా ఇదే తంతు.

వ్యాఖ్యానానికి నా అర్హత జిల్లా అర్హత. మల్లినాథసూరిది కొలిచాలమ, అంటే ఇప్పటి మెదక్ జిల్లా కొల్చారం. 2016లో జిల్లాలు విడగొట్టేదాకా దానికీ మాకూ సంగారెడ్డే జిల్లా కేంద్రం. కాళిదాసు కావ్యాలకు సంజీవని, భారవికి ఘంటాపథం, మాఘుడికి సర్వంకష, శ్రీహర్షుడికి జీవాతువు రాసిపెట్టి, కావ్యం చదవబోయే ప్రతివాడి చేతా తన వేలు పట్టించినవాడు ఈ నేలవాడే. మూలంలో లేనిది రాయకూడదు, అక్కర్లేనిది చెప్పకూడదు అని ఆయన నియమం. ఆ నియమాన్ని ఇప్పుడే ఉల్లంఘిస్తున్నాను.

మల్లినాథుడి కొడుకు కుమారస్వామి. ఆయనా వ్యాఖ్యాతే. ఆయన టీక పేరు రత్నాపణం, అంటే రత్నాల దుకాణం. అది దేనికి రాశాడో చూడండి: విద్యానాథుడి ప్రతాపరుద్రీయానికి. అది అలంకారశాస్త్ర గ్రంథం. ఏ అలంకారం చెప్పినా ఉదాహరణ మాత్రం కాకతి ప్రతాపరుద్రుడే. ఉపమకు రాజు, రూపకానికి రాజు, ఉత్ప్రేక్షకు రాజు. నాయక లక్షణాలు చెప్పాలన్నా రాజే. నాటకం ఎలా ఉండాలో చెప్పాల్సిన చోటు వస్తే రాజు మీదే ఒక నాటకం రాసి పుస్తకంలో చేర్చేశాడు. ఇప్పుడు కంపెనీలు కాఫీటేబుల్ బుక్కు అని లక్షలు పోసి అచ్చు వేయించుకునేది ఇలాంటిదే. ప్రభువు బొమ్మను పేజీ పేజీకీ కొత్త అలంకారంతో దించే విద్యకు ఏడువందల ఏళ్ల కిందటే ఓరుగల్లులో లక్షణగ్రంథం ఉంది, దానికి టీక మన కొల్చారం ఇంట్లో తయారయింది. కనక ఎమ్డీ గారి ఫోటో మీద వ్యాఖ్యానం మాకు వంశపారంపర్యం కాకపోయినా మండల పారంపర్యం.

తేడా కూడా చెప్పాలి. 1323లో ఓరుగల్లు పడిపోయింది, రాజు పోయాడు. విద్యానాథుడి పుస్తకం మాత్రం అలంకారశాస్త్రం నేర్చుకునేవాడికి పనికొస్తూనే ఉంది, ఎందుకంటే పొగడ్త వెనక ఆయన ఒక శాస్త్రం దాచిపెట్టాడు. పొగడ్త తీసేసినా పాఠం మిగులుతుంది. నేను దిద్దిన సంచికలో పొగడ్త తీసేస్తే మిగిలింది ఫోన్ నంబరు. పాతికేళ్లుగా ఆ షెడ్డులో ఏం తయారవుతోందో, ఎన్ని మైక్రాన్ల తేడా వస్తే పీసు రిజెక్టవుతుందో, ఆ తేడా రాకుండా ఎవరు ఎలా చూస్తారో ఒక్క ముక్క లేదు. అడిగితే ‘అది టెక్నికల్ సార్, ఎవరు చదువుతారు’ అన్నారు.

విషయాంతరం ఎక్కువైంది. అయ్యగారు లైట్ల కింద నిలబడే ఉన్నారు.

ప్రతిపదార్థం

తెల్ల టోపి: స్పష్టం. అంచున బార్‌కోడ్ స్టిక్కరు అలాగే ఉంది. దాన్ని కంప్యూటర్‌లో తర్వాత చెరిపేస్తారట.

తేరిపారగఁ జూచి: దేన్ని చూచి? కెమెరాను కాదు. ‘సార్, జర పైకి, ఫ్యూచర్ దిక్కు చూడుండ్రి’ అన్నాడు ఫోటోగ్రాఫరు. భవిష్యత్తు ఉన్న దిక్కున నేనూ చూశాను. మంటలార్పే ఎర్ర సిలిండరు, పాత క్యాలెండరు, టాయిలెట్‌కు బాణం గుర్తు ఉన్నాయి.

చేతు లెదను గట్టి: ఇక్కడ వ్యాఖ్యాత కాస్త ఆగక తప్పదు. చేతులు కట్టుకుని నిలబడటం మన దేశంలో ఎవరి పని? బడిలో పిల్లవాడు పంతులు ముందు నిలబడేది అలా, జీతగాడు దొర ముందు నిలబడేది అలా. అణకువకు పెట్టింది పేరైన భంగిమ అధికారానికి ముద్ర ఎలా అయింది, ఏ సముద్రం దాటి వచ్చింది? పైగా ఇందులో ఒక రహస్యం ఉంది. పిడికిళ్లను లోపలి నుంచి కండల కిందికి తోస్తారు, జబ్బలు లావుగా కనిపించడానికి. ఫోటోగ్రాఫరు సహాయకుడు వచ్చి అయ్యగారి పిడికిళ్లు రెండూ సర్ది వెళ్లాడు.

చెదరకుండ: ఒకప్పుడు ఈ మాటకు పని ఉండేది. ఫోటోగ్రాఫరు రాజా దీన్‌దయాళ్ కాలంలో గాజు పలకల మీద బొమ్మ దించేవాళ్లు. కదిలితే ముఖం అలుక్కుపోయేది. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ కొలువులో దీన్‌దయాళ్ కెమెరా పెట్టె ముందు నవాబులు ఊపిరి బిగబట్టి నిలబడ్డారంటే అది దర్పం ఒక్కటే కాదు, సాంకేతిక అవసరం. ఇప్పటి కెమెరా రెప్పపాటులో వందో వంతు అడుగుతుంది, అయినా బిగుసుకునే అలవాటు పోలేదు. దీన్‌దయాళ్ స్టూడియో తీసిన వాటిలో 1902 నాటి వేట ఫోటో ఒకటి ప్రసిద్ధం: వరంగల్ దిక్కున నెక్కొండ శిబిరంలో లార్డ్ కర్జన్, ఆయన భార్య, ముందు చచ్చిన పులి. పులిని తుపాకీ ముందుకు తోలుకొచ్చినవాళ్లెవరో ఆ బొమ్మ చెప్పదు. మన లేత్ మిషన్ ఫోటోకు ముత్తాత అదే అని నా అనుమానం. పులి స్థానంలో యంత్రం వచ్చింది, అంతే.

మడత నలగనట్టి మంచి కోటు: రేకుల షెడ్డు, ఏప్రిల్ నెల. కోటు వెనక వీపు మీద నాలుగు క్లిప్పులు పెట్టి బిగించారు కనక ముందు మడత నలగలేదు. ఈ కోటు అలంకారం కోసం వచ్చిందనుకుంటారు గానీ, నాలుగో పాదానికి కారణం ఇదే. తిరిగే యంత్రం దగ్గర వదులు బట్ట ప్రాణాంతకం. కదులుతున్న యంత్రానికి నూనె పెట్టేవాడు, సరిచూసేవాడు ఒంటికి బిగుతైన బట్టలే వేసుకోవాలని 1948 కర్మాగారాల చట్టం 22వ సెక్షనులోనే చెప్పింది. మరి కోటూ టైతో మిషన్ పక్కన నిలబడాలంటే దాన్ని ఆపాలి. మూడో పాదంలో కోటు తొడిగినప్పుడే నాలుగో పాదంలో యంత్రం ఆగడం ఖాయమైపోయింది.

యంత్ర మాపి: పద్యంలో దోషం ఇక్కడుంది.

పెట్టి, చూచి, కట్టి, తొడిగి, ఆపి: అయిదూ క్త్వార్థకాలు. వీటికీ చివరి సమాపక క్రియకూ కర్త ఒక్కడే అయి ఉండాలి. సమానకర్తృకత్వం పాణిని నాటి నియమం. ఆ రోజు నేను చూసినది చూసినట్టు చెబుతాను. టోపీ పెట్టింది హెచ్‌ఆర్ మేనేజరు. చూపు ఎటు ఉండాలో నిర్ణయించింది ఫోటోగ్రాఫరు. చేతులు సర్దింది సహాయకుడు. కోటు కారులోంచి తెచ్చి తొడిగింది డ్రైవరు. యంత్రం ఆపింది ఆపరేటరు. ‘నిలిచె’ ఒక్కదానికే అయ్యగారు అచ్చమైన కర్త. మిగిలిన కర్తలందరూ ఫ్లాష్ వెలిగే ముందు ఫ్రేములోంచి బయటికి జరిగారు.

పూర్వపక్షం: రాజు కోట కట్టాడంటాం, తాపీ పట్టాడా? కనక ఆపించినవాడే ఆపినవాడు. సమాధానం: అయితే ‘ఆపించి’ అనాలి. ‘యంత్ర మాపించి’ అంటే గణభంగం. ఛందస్సులో ఒక్క ‘ఇంచు’కు చోటు దొరకలేదు, ఆపరేటరుకు ఫ్రేములో దొరకనట్టే.

ఆ ఆపరేటరుది సదాశివపేట దగ్గరి ఊరు. ఎరుపు బటన్ నొక్కి, కూలెంట్ తడిసిన చేతులు కాటన్ వేస్టుతో తుడుచుకుంటూ షిఫ్ట్ ఇన్‌చార్జిని అడిగాడు: ‘బంద్ జేసుడు ఒక నిమిషమే సార్. మిషన్ సల్లవడ్డంక మొదటి పీసులు సైజుకు రావు, ఆఫ్‌సెట్ మళ్ల సూసుకోవాలె. కౌంట్ తక్కువొస్తే నా మీదనే రాస్తరు గదా?’ ఇన్‌చార్జి ‘చూద్దాంలే’ అన్నాడు. పైన లైట్ల వల్ల ముఖం పచ్చగా పడుతోందని ఆ వరస లైట్లన్నీ ఆర్పించారు. దాంతో పక్క మిషన్లూ ఆగాయి. పాతికేళ్ల ఉత్పత్తిని చాటుకునే ఫోటో కోసం ఒక పూట ఉత్పత్తి పోయింది. టార్గెట్ మాత్రం ఎక్కడికీ పోలేదు.

2025 జూన్ 30న పాశమైలారంలో ఒక మందుల ముడిసరుకు ఫ్యాక్టరీ పేలి నలభై మందికి పైగా చనిపోయారు. చాలామంది బీహార్, ఒడిశా, ఉత్తరప్రదేశ్, జార్ఖండ్‌ల నుంచి పనికి వచ్చినవాళ్లు. ముఖం చూసి గుర్తుపట్టే వీలు లేక డీఎన్‌ఏ పరీక్షలు చేయించి శవాలు అప్పగించాల్సి వచ్చింది. ఈ బెల్టులో ముఖం ఎవరికి ఉంటుంది, ఎవరికి ఉండదు అన్న సంగతి నాకు ఫ్లెక్సీల వేళాకోళంతో తీరేది కాదు. వ్యాఖ్యాత గొంతు పెంచకూడదంటారు. సరే, మూలానికి వస్తాను.

అయ్యగారు: ఈ మాటకు నేను అనుకున్న అర్థం వేరు, దొరికింది వేరు. ఫోటోలు అయిపోయాయి. గొడుగులు మడిచారు, ట్రైపాడ్ సంచిలో పెట్టారు. మిషన్ మళ్లీ మొదలైంది. కారు దగ్గరికి వెళుతున్న ఎమ్డీ గారు గుమ్మంలో ఆగిపోయారు. వెనక్కి వచ్చి, కోటు డ్రైవరు చేతిలో పడేసి, మిషన్ వైపు చెవి ఒగ్గి విని ‘ఇన్సర్ట్ పోయింది, తీసి చూడు’ అన్నారు. తీసి చూస్తే ఆ కోత బిళ్ల అంచు విరిగే ఉంది. ఆయన ఒకప్పుడు బాలానగర్‌లో లేత్ మీద పనిచేసినవాడట. ఆపరేటరూ ఆయనా ఇద్దరూ వంగి విరిగిన అంచును గోటితో తడిమి చూస్తున్నారు. అదీ ఫోటో. ఫోటోగ్రాఫరు అప్పటికి క్యాంటీన్‌లో చాయ్ తాగుతున్నాడు.

విశేషాలు

అలంకారం అపహ్నుతి. ఉన్నదాన్ని కాదని, లేనిదాన్ని ఔననడం. నాయకుడు ధీరోదాత్తుడనే అనుమానం కలిగించడమే కవి ప్రయత్నం.

మనిషిని అతను పనిచేసే చోటే ఉంచి ఫోటో తీయడంలో అమెరికా ఫోటోగ్రాఫరు ఆర్నాల్డ్ న్యూమన్‌ది పెద్ద పేరు. 1963లో జర్మనీలో ఆయుధాల కుబేరుడు ఆల్‌ఫ్రీడ్ క్రుప్‌ను అతని సొంత ఫ్యాక్టరీలోనే తీశాడు. యుద్ధకాలంలో బందీల చేత వెట్టిచాకిరీ చేయించినందుకు నూరెంబర్గ్‌లో శిక్ష పడినవాడు క్రుప్. న్యూమన్ లైట్లు రెండు పక్కలా పెట్టి, కాస్త ముందుకు వంగమన్నాడు. బొమ్మలో క్రుప్ రాక్షసుడిలా పడ్డాడు, చూసుకుని మండిపడ్డాడు. మన ఎమ్డీలు క్రుప్‌లు కారు. అయినా వెనక ఉన్న ఫ్యాక్టరీ కూడా ముఖంతో పాటు సాక్ష్యం చెబుతుందని ఆ ఫోటో చూస్తే తెలుస్తుంది. మందుల కంపెనీల అయ్యగార్లు రియాక్టర్ల దగ్గర కాక గేటు పక్క పచ్చిక మీద నిలబడతారెందుకో ఫ్యాక్టరీల వ్యర్థాలు కలిసిన నక్కవాగు నీళ్లు చూసినవాళ్లకు చెప్పక్కర్లేదు.

తాత్పర్యం

పని జరిగే చోట పని ఆపి, పని చేసేవాళ్లను పక్కకు జరిపి, పనిమంతుడైన ఒక మనిషిని పని రానివాడిలా నిలబెట్టి బొమ్మ తీశారని భావం.

పాఠభేదం

‘యంత్ర మాపి’ అన్నచోట ‘యంత్ర మాడ’ అని చదవవచ్చు. గణం చెడదు, యతి చెడదు. యంత్రం ఆడుతుండగా నిలిచాడని అర్థం. అప్పుడు మూడో పాదంలో కోటు పోవాలి, దాని బదులు రోజూ వేసుకునే చొక్కా రావాలి, యంత్రం ముందు గీసిన పసుపు గీతకు ఇవతల నిలబడాలి. పక్కన ఆపరేటరు ఉంటే ఉండనివ్వాలి, వీలైతే కింద అతని పేరూ వేయాలి. పరిష్కర్తలు ఈ పాఠాన్నే గ్రహించాలని మనవి. పాత పాఠమే కావాలని పట్టుబట్టే యాజమాన్యాలు ఆపిన గంటల పీసులు టార్గెట్‌లోంచి తగ్గించమని షిఫ్ట్ ఇన్‌చార్జికి రాతపూర్వకంగా చెప్పాలి. ఫోటోగ్రాఫరు బిల్లు ముందు అదొక ఖర్చు కాదు.