మేత ఖర్చు ఎవరిది?

సత్యసాయి శతజయంతి అయిపోయింది. వంద రూపాయల నాణెం విడుదలైంది, తపాలా బిళ్ళలు వచ్చాయి, పుట్టపర్తికి వచ్చిన పెద్దలంతా సత్యసాయి నీళ్ళను వేనోళ్ళ పొగిడి విమానాలెక్కారు. ఇక ఏ సమీక్షలో విన్నా పాత పాటే. కట్టేది మేము, నడుపుకునేది మీరు. పథకాలు తమ కాళ్ళ మీద తాము నిలబడాలి. ఈ ‘మేము’ ఎవరో, ‘మీరు’ ఎవరో అడిగితే మాత్రం సమీక్ష ముగుస్తుంది.

అసలు కట్టింది మాత్రం వీళ్ళా? ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడితే గొప్ప అనుకునే మా జిల్లాలో, 1995లో 731 ఊళ్ళకు నీళ్ళిచ్చే పని మొదలుపెట్టింది సత్యసాయి ట్రస్టు. సొంత ఖర్చుతో కట్టించి ప్రభుత్వం చేతిలో పెట్టింది. 1999లో ఆ నీళ్ళ మీద తపాలా శాఖ బిళ్ళ కూడా వేసింది. ఏనుగునిచ్చి అంకుశం దగ్గర పేచీ పెట్టినవాడి కథ అందరికీ తెలుసు. ఏనుగును ఊరికే పుచ్చుకుని, మేత ఖర్చు నీదంటే నీదని శాఖలు కొట్టుకోవడం చూడాలంటే మా జిల్లాకు రావాలి.

ఈ తగువులో నాకు బాగా నచ్చే ఘట్టం కరెంటు బిల్లు. పంపు తిరుగుతుంది, మీటరూ తిరుగుతుంది. కరెంటు పంపిణీ సంస్థ, అంటే డిస్కం, బిల్లు పంపుతుంది. పంచాయతీ అయినా, మునిసిపాలిటీ అయినా దాన్ని భద్రంగా ఫైల్లో పెడుతుంది. డిస్కం సర్‌చార్జీ వేస్తుంది. అదీ ఫైల్లోకే. తర్వాత నోటీసు. ఆ తర్వాత ఫ్యూజు పీకుతారు. అప్పటిదాకా ఎవరి ఇంట్లోనూ ఆగనిది అప్పుడు ఆగుతుంది: నీళ్ళు. బిందె పట్టుకుని వెళ్ళి అడిగితే ‘కరెంటోళ్ళను అడగండి’ అంటారు. కరెంటోళ్ళు ‘మునిసిపాలిటీవాళ్ళను అడగండమ్మా’ అంటారు. ఇద్దరి యజమానీ ఒక్క ప్రభుత్వమే. ఇద్దరి పెద్దలూ అమరావతిలో ఒకే బల్ల ముందు కూర్చుని టీ తాగుతారు.

రోడ్డు వెడల్పు చేసినప్పుడు చూడండి ముచ్చట. స్తంభం నడిరోడ్డు మీద మిగిలిపోతుంది. దాన్ని నాలుగు అడుగులు జరపాలంటే మునిసిపాలిటీ డిస్కానికి ముందే డబ్బు కట్టాలి. అంచనా వాళ్ళదే. పైన పర్యవేక్షణ చార్జీ. కొత్త స్తంభం కొన్నది మునిసిపాలిటీ, సొంతదారు డిస్కం. దీని పేరు డిపాజిట్ కాంట్రిబ్యూషన్ పని. డబ్బు జమ అయ్యేదాకా స్తంభం అక్కడే నిలబడుతుంది, రాత్రి బండి మీద వచ్చేవాడు తన నుదుటితో దాని ఉనికి తెలుసుకుంటాడు.

నాదో సలహా. మునిసిపాలిటీ ఊరుకోకూడదు. తన వీధిలో నిలబడినందుకు ప్రతి స్తంభానికీ నెల అద్దె వేయాలి. ట్రాన్స్‌ఫార్మర్ ఎక్కువ చోటు తింటుంది కాబట్టి దానికి రెట్టింపు. తీగ కింద పడే నీడకు చదరపు అడుగు లెక్కన. డిస్కం ఎలాగూ కట్టదు. అప్పుడు ఇద్దరికీ ఒకరి నుంచి ఒకరికి రావలసిన బకాయిలుంటాయి, ఇద్దరూ వాటిని ఆస్తుల పద్దులో రాసుకుంటారు, కాగితం మీద ఇద్దరూ కోటీశ్వరులవుతారు. జీతం కోసం ఎదురుచూసే పంపు ఆపరేటరుకు ఆ కాగితం చూపించొచ్చు.

పంచాయతీల సంగతి ఇంకా ఘోరం. 2021లో వాటి ఆర్థిక సంఘం నిధులు సర్పంచులు చూసుకునేలోపే కరెంటు బకాయిల కింద జమైపోయాయి. కేంద్రం జలజీవన్ పథకంలోనేమో ఊళ్ళో వేసే పైపుల ఖర్చులో పదో వంతు ఊరే పెట్టుకోవాలట. డబ్బు లేకపోతే ఒళ్ళు వంచాలట.

నవ్వడం ఇక చాలు. ఈ పంపకంలో వాటా తప్పించుకోలేనివాడు ఒక్కడే, మామూలు మనిషి. 2020 నవంబరులో రాష్ట్ర ప్రభుత్వం మునిసిపాలిటీలకు 196, 197 జీవోలు తెచ్చింది. నీటికి, మురుగుకు అయ్యే నిర్వహణ ఖర్చు మొత్తం జనం దగ్గరే రాబట్టాలన్నారు. ఎందుకో తెలుసా? కేంద్రం పెట్టిన షరతు తీరిస్తే 2,525 కోట్లు అదనంగా అప్పు తెచ్చుకోవచ్చని. అప్పు వాళ్ళది, హామీ మన కుళాయిది. దానికి తోడు 2024లో ఇంధన సర్దుబాటు పేరుతో ఒకసారి 6,072 కోట్లు, మరోసారి 9,412 కోట్లు కరెంటు బిల్లుల్లో కలిపారు. ఆ భారం ఇంటి మీటరు మీదా పడుతుంది, మంచినీటి పంపు మీటరు మీదా పడుతుంది. రెండోదాన్ని నీటి చార్జీగా మళ్ళీ మన దగ్గరే అడుగుతారు. ఒకే సర్దుబాటును ఒకే మనిషి రెండు మీటర్ల మీద కట్టడాన్ని సంస్కరణ అంటున్నారు, సిగ్గు లేకుండా.

ఇంత వసూలు చేసి కూడా జీతాలివ్వరు. సత్యసాయి పథకం కార్మికులు, శ్రీరామరెడ్డి మంచినీటి పథకం కార్మికులు నెలల తరబడి జీతాల్లేక సమ్మెకు దిగిన వార్త మా పత్రికల్లో రావడం ఎన్నోసారో లెక్కపెట్టడం మానేశాం. సమ్మె మొదలైతే వందల ఊళ్ళు ఎండుతాయి. రెండు రోజులకు ఒక నెల జీతం విదిలిస్తారు, వాల్వులు తెరుచుకుంటాయి, ఫైళ్ళు మూసుకుంటాయి. వాల్వు తిప్పే మనిషి ఇంట్లో పొయ్యి వెలిగిందా అని ఏ ఆర్థిక సంఘమూ అడగదు.

అయ్యా, ఏ శాఖ వాటా ఎంతో మీరు తీరిగ్గా తేల్చుకోండి, ఇంకో ముప్పై ఏళ్ళు తీసుకోండి. ఈలోపు ఆ కార్మికుల జీతం మాత్రం ప్రతి నెలా ఒకటో తారీఖున, మీ జీతంతో పాటే ఖజానా నుంచి వేయండి. వాళ్ళది ఆగిన నెల మీదీ ఆపండి.