ఒక జింకు ఫెర్రైటు పొడి ఆత్మకథ

మోకిలకు సమీపమున, శంకర్‌పల్లి బాటప్రక్క నొక ప్రయోగశాలలో, బీరువా అడుగు అరయందు, మూత బిగియని గాజుసీసాలో పడియున్న గోధుమవన్నె పొడిని నేను. 2023లో హెచ్‌ఎండీఏ వేలమున ఈ యూరి ప్లాటొకటి గజము లక్షకు పైబడి పలికినదని అటెండరమ్మ చెప్పుకొనగా విని, లోలోన నవ్వుకొంటిని. ఏలయన నా దేహమును ఒక లేఅవుటే. స్పినెల్ అను నా యొక్కొక్క గూటియందు 32 ఆమ్లజని పరమాణువులు కంచె కట్టగా, నలుగురు పొరుగువారు గల చిన్న స్థలములు 64, ఆర్గురు పొరుగువారు గల పెద్ద స్థలములు 32 ఏర్పడును. చిన్నవానిలో 8, పెద్దవానిలో 16 నిండి, తక్కినవి మోకిల ప్లాట్లవలెనే ఖాళీగా నుండును.

ధర్మప్రకారము చిన్న స్థలములు జింకువి, పెద్దవి ఇనుమువి. అట్లు కుదురుగా కాపురమున్న జింకు ఫెర్రైటును గది వేడిమిలో అయస్కాంతము లక్ష్యపెట్టదు. నా జన్మము అట్టిది కాదు. నైట్రేటులను సిట్రిక్ ఆమ్లముతో కలిపి, అమోనియా బొట్లతో పులుపు విఱిచి, 80 డిగ్రీలలో జిగురు చేసి, మఱింత కాచగా, అది భగ్గున మండి బూడిదయైన క్షణకాలమున జింకునకు తన స్థలము వెదకికొను వ్యవధి చిక్కలేదు. కొంత ఇనుము దానిని కబ్జా చేసెను. చిన్న స్థలపు ఇనుమును పెద్ద స్థలపు ఇనుమును గట్టిపట్టుతో ఎదురెదురు దిక్కులకు తిరిగినను, బలములు సమము కానందున మిగిలినది నాకు శక్తియైనది. ఈ మర్మమును 1948లో విప్పిన లూయీ నేల్‌కు 1970లో నోబెల్ దక్కెను. నాకు దక్కినది సీసా.

500 డిగ్రీల కొలిమి వెడలిన నాడు, పది పదునైదు నానోమీటర్ల నలుసులనైన నేను, అయస్కాంతము చూపగనే సీసాగోడ నెగబ్రాకితిని. పరిశోధకుడు మురిసెను. ఆ మురిపెము వారము నిలువలేదు. ఎక్స్‌కిరణ చిత్రమున నా శిఖరములు మొద్దుగా నున్నవట! వానిని సూదులు చేయనెంచి, నన్ను 1000 డిగ్రీల కొలిమిలో రాత్రియెల్ల నుంచి, తాను ఇంటికేగెను. నలుసులు ఒండొంట కలిసి బలిసినవి. జింకు తీరికగా స్వస్థానము చేరెను. ఇనుము కబ్జా వదలెను. శిఖరములు సూదులైనవి, నిజమే. మరునాడు అయస్కాంతము ఆనించినను నేను కదలలేకపోయితిని. అతడు ఆ అయస్కాంతమునే శంకించి మఱియొకటి తెచ్చెను!

ఆపై నన్ను తలచినవారు లేరు. ఎంత వేడిమి, ఎన్ని గంటలు, ఎంత అమోనియా అను నా జాతకమైనను వ్రాయక, "శాంపిల్ 7" అని గిలికిన చీటియు వానాకాలపు చెమ్మకు ఊడిపోయెను. మొన్న అటెండరమ్మ సీసా ఎత్తి, "సార్, గీ సీసా పారెయ్యాల్నా?" అని యడుగగా, క్రొత్తగా చేరిన యువకుడు అయస్కాంతము తాకించి చూచి, "ఉండనీ అమ్మా, కిందనే పెట్టు" అని క్రొత్త చీటి యంటించెను. దానిపై "తుప్పు" అని యున్నది.