ప్రిలిమ్స్ పాసైన పెద్దమనిషి

విశాఖపట్నం ద్వారకానగర్‌లో ఏ టీకొట్టు దగ్గరైనా అతన్ని ఇట్టే పోల్చుకోవచ్చు. మోకాళ్ళ దగ్గర రంగు వెలిసిన ట్రాక్ ప్యాంటు, ఇంకా రాని ఉద్యోగానికి ముందుగానే కొట్టించుకున్న పోలీసు క్రాఫు. ఎవరైనా పలకరిస్తే పేరు కన్నా ముందు హోదా చెబుతాడు: "ప్రిలిమ్స్ క్వాలిఫైడ్." కానిస్టేబుల్ ఉద్యోగానికి ఇంటర్ చాలు, ఇతను బీటెక్. ఆ సంగతి రెండో టీ దాకా బయటపెట్టడు. రూమ్మేట్లూ, మెస్సు ఓనరూ, పబ్లిక్ లైబ్రరీలో ఫ్యాను కింది సీటు కోసం పోటీ పడే కుర్రాళ్ళూ అందరూ అతన్ని పిలిచేది ఒకటే మాట: సీనియర్.

ఈ సీనియారిటీ ఊరికే రాలేదు. ఆంధ్రప్రదేశ్ పోలీసు నియామక మండలి 2022 నవంబర్ 28న 6,100 కానిస్టేబుల్ పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చింది. సివిల్ 3,580, ఏపీఎస్పీ అనే స్పెషల్ పోలీసు 2,520. తర్వాతి జనవరి 22న ప్రిలిమ్స్ రాసినవాళ్ళు 4,59,182 మంది, గట్టెక్కినవాళ్ళు 95,208 మంది. ఫలితాలు రెండు వారాల్లో వచ్చేశాయి. ఆ వేగం చూసి సీనియర్ వాళ్ళమ్మకు ఫోన్ చేసి, దసరాకి యూనిఫాంతో వస్తానని చెప్పేశాడు. ఏ దసరాకో చెప్పకపోవడం ఒక్కటే అందులో ముందుచూపు.

మార్చిలో ఈవెంట్స్, అంటే దేహదారుఢ్య పరీక్షలు అన్నారు. ఎమ్మెల్సీ ఎన్నికలొచ్చి వాయిదా పడ్డాయి. తర్వాత కోర్టు కేసులు. తర్వాత అసెంబ్లీ ఎన్నికలొచ్చి ప్రభుత్వమే మారిపోయింది. చివరికి ఈవెంట్స్ మొదలైంది 2024 డిసెంబర్ 30న. ప్రిలిమ్స్‌లో పక్క బెంచీ మీద రాసిన కుర్రాడికి ఈలోగా పెళ్ళయి, కొడుకు పుట్టి, ఆ కొడుకు పరిగెత్తడం కూడా నేర్చుకున్నాడు. ఈ రెండేళ్ళలో ప్రిపరేషన్ అనేది ఉద్యోగానికి దారిగా ఉండడం మానేసి, తనే ఒక ఉద్యోగమై కూర్చుంది. దానికి డ్యూటీ టైములున్నాయి, ప్రమోషన్లున్నాయి, సెలవు అడగడానికి మొహమాటం కూడా ఉంది. జీతం ఒక్కటే ఎదురు కట్టాలి.

డ్యూటీ తెల్లవారుజామున మొదలవుతుంది. 1600 మీటర్లు ఎనిమిది నిమిషాల్లో పరిగెత్తాలి. అది తప్పనిసరి. సివిల్‌కైతే దానితోపాటు 15 సెకన్లలో 100 మీటర్ల పరుగో, 3.80 మీటర్ల లాంగ్‌జంపో, రెండింట్లో ఒకటి కొట్టాలి. బీచ్ రోడ్డు మీద సీనియర్ పరిగెత్తే తీరు మాత్రం వేరు. రెండు వందల మీటర్లకోసారి ఆగి, వెనకొచ్చేవాళ్ళ ఊపిరి సరిదిద్దుతాడు. "నోటితో పీల్చకు తమ్ముడూ, ముక్కుతో!" ఆ తమ్ముడు ముక్కుతో పీలుస్తూనే దాటి వెళ్ళిపోతాడు.

అసలు దిగులు పరుగు కాదు, ఎత్తు. 167.6 సెంటీమీటర్లుండాలి. ఛాతీ 86.3, గాలి పీలిస్తే ఇంకో అయిదు. ఈ దశాంశాలేమిటని ఫ్రెషర్ ఎవడైనా అడిగితే సీనియర్ ముఖం వెలుగుతుంది. అయిదడుగుల ఆరంగుళాలూ ముప్ఫై నాలుగంగుళాలూ సెంటీమీటర్లలోకి మారితే వచ్చే లెక్కలవి. తన ఎత్తు 167.8. మనిషి పొద్దున్న లేచేసరికి కాస్త పొడుగ్గా ఉంటాడనీ, పొద్దు పోయేకొద్దీ వెన్నుపూసల మధ్య మెత్తలు నొక్కుకుని ఓ సెంటీమీటరు దాకా తగ్గుతాడనీ ఎక్కడో చదివాడు. చదివింది నిజమే. అందుకని కైలాసగిరి పోలీసు మైదానానికి ఆటోలో, వెనక సీట్లో అడ్డంగా పడుకుని వెళ్ళాడు. ఆటో డ్రైవరు పేషెంటనుకుని కేజీహెచ్ ఆసుపత్రి వైపు తిప్పబోయాడు.

రూములో ఇంకో పాత్ర ఉన్నాడు, రన్నర్. శ్రీకాకుళం వైపు పల్లె. ఎనిమిది నిమిషాల పరుగు ఆరులోపు ముగించి, మిగతా టైములో చెప్పులు వెతుక్కునే రకం. అతనికి పాలిటీ అంటే ఒళ్ళు మంట. సీనియర్ ఓసారి అతన్ని కూర్చోబెట్టి రూలు చెప్పాడు: సివిల్‌కి ఈవెంట్స్ క్వాలిఫై అయితే చాలు, సీటు తేల్చేది 200 మార్కుల ఫైనల్ పేపరే, ఏపీఎస్పీకైతే రాతపరీక్ష వంద, ఈవెంట్స్ వంద. అంటే దొంగ వెనక పడాల్సిన సివిల్ పోలీసుని ఎంపిక చేసేది ఆర్టికల్సూ, ఆర్థమెటిక్కూ అన్నమాట. రన్నర్ కాసేపు ఆలోచించి అడిగాడు: "అయితే దొంగకి ఆర్టికల్ 22 సెబితే ఆగిపోతాడేటి?" ఆ ప్రశ్నకి సీనియర్ దగ్గర నాలుగు ఆప్షన్లు లేవు.

ఆప్షన్లు లేని ప్రశ్నంటే అతనికి ఊపిరాడదు మరి. రోజూ రెండు వందల బిట్లు చేసి చేసి, బుర్ర ఏ విషయాన్నయినా నాలుగు ముక్కలుగా కోసుకుంటోంది. మెస్సులో కూరేమిటంటే "పైవేవీ కావు" అంటాడు. మేనమామ కూతురి పెళ్ళిలో ఒక పెద్దావిడ చెయ్యి పట్టుకుని, "నాను మీ తాత తోడల్లుడి రెండో కోడల్ని నానా, గుర్తున్నానా?" అంది. అందరూ నవ్వి ఊరుకునే చోట సీనియర్ విస్తరాకు పక్కన వేలితో గీతలు గీసి, ఇచ్చిన సమాచారం సరిపోదనీ, తాత అంటే తల్లి తండ్రో తండ్రి తండ్రో ప్రశ్నలో స్పష్టత లేదనీ తేల్చాడు. ఆవిడ ఇంకో బంతిలోకి వెళ్ళి కూర్చుంది.

అన్నిటికన్నా ఎక్కువ నష్టపోయింది కరెంట్ అఫైర్స్‌లో. గోడ మీద అతను అంటించిన కాగితాలు పొరలు పొరలుగా ఉంటాయి. భారత ప్రధాన న్యాయమూర్తి అన్న గడిలో ప్రిలిమ్స్ నాటికి డి.వై. చంద్రచూడ్. దాని మీద 2024 నవంబర్‌లో సంజీవ్ ఖన్నా. ఫైనల్ 2025 జూన్ 1న అన్నారు కదా, ఇక మారదులే అని పెన్నుతో దిద్దుకున్నాడు. మే 14న బి.ఆర్. గవాయ్ ప్రమాణం చేశారు. ఆ రోజు సీనియర్ అన్నం తినలేదు.

చట్టం కూడా అతని కోసం ఆగలేదు. సిలబస్‌లో లేకపోయినా, కాబోయే పోలీసుకి తెలియకపోతే ఎలాగని ఐపీసీ సెక్షన్లు కంఠస్థం చేశాడు. 2024 జులై 1న భారతీయ న్యాయ సంహిత వచ్చి 302ని 103 చేసింది. 420 అనే తిట్టు 318(4)కి మారింది. 144 సెక్షన్ కాస్తా కొత్త నాగరిక్ సురక్షా సంహితలో 163 అయి కూర్చుంది. సినిమాల్లో విలన్లకే ఇంకా అలవాటు కాలేదు, సీనియర్‌కి మాత్రం అయింది. ఇప్పుడెవరైనా "వాడు పక్కా ఫోర్ ట్వంటీ" అంటే వదిలిపెట్టడు. "మూడొందల పద్దెనిమిది, బ్రాకెట్లో నాలుగు" అని సరిదిద్దుతాడు. తిట్టినవాడికి కోపం చల్లారిపోతుంది. శాంతిభద్రతల పరిరక్షణలో అతని సేవ అక్కడినుంచే మొదలైందనుకోవచ్చు.

ఇంటి నుంచి ఫోనొస్తే మాత్రం గొంతు తగ్గుతుంది. "ఒరే నానా, ఈ పరీచ్చ ఏటిరా ఇంకా అవ్వలేదు? ఎదురింటోళ్ళబ్బాయి చెన్నై కంపెనీలో జేరిపోనాడు." ప్రిలిమ్స్, ఈవెంట్స్, ఫైనల్ అని ఆమెకు చెప్పీ చెప్పీ విసిగి, చివరికి పొలం రిజిస్ట్రేషన్ లాంటిదమ్మా అన్నాడు. ఆమెకు వెంటనే అర్థమైంది. పదకొండేళ్ళుగా నలుగుతున్న దాయాదుల తగాదా గుర్తొచ్చి, నెలకి రెండు వేలు ఎక్కువ పంపడం మొదలెట్టింది.

జూన్ 1న పదింటికి పరీక్షయితే ఏడింటికే సెంటరు గేటు ముందున్నాడు. లోపల మూడు గంటలూ ఏం జరిగిందో అతనికే తెలియాలి. బయటికొచ్చాక ఎవరితోనూ మాట్లాడకుండా నడిచాడు, అది అతని చరిత్రలోనే లేదు. ప్రిలిమినరీ కీ వచ్చాకగానీ మళ్ళీ మనిషి కాలేదు. ఒక సైన్సు బిట్‌కి కీలో రెండో ఆప్షన్ ఇచ్చారు. మూడోది కూడా సరైనదేనని అతని వాదన. పదో తరగతి పుస్తకం తెచ్చాడు, తెలుగు అకాడమీ పుస్తకం తెచ్చాడు, పేజీలు ఫోటో తీశాడు, మండలికి పంపడానికి అభ్యంతరపత్రం ఫోనులో నింపాడు. ఇంత పకడ్బందీగా చార్జిషీటు తయారుచేసే స్టేషన్లు తక్కువే ఉంటాయి.

మంచం మీంచి రన్నర్ అడిగాడు.

"ఇంతకీ నువ్వేటి పెట్టావు?"

"రెండు."

"కీలో?"

"రెండే."

"మరి మార్కొచ్చేసింది కదేటి!"

"మార్కు వేరు, న్యాయం వేరు" అంటూ సీనియర్ సెండ్ మీదికి వేలు పోనిచ్చాడు.

రన్నర్ ఒక్క గెంతులో ఆ ఫోను లాక్కుని మెట్లు దిగి పరిగెత్తాడు. సీనియర్ ఆర్టీసీ కాంప్లెక్స్ దాకా వెంటపడ్డాడు గానీ అందుకోలేకపోయాడు. అభ్యంతరాల గడువు ముగిశాకే వాడు రూముకి తిరిగొచ్చాడు, దారిలో రెండు ప్లేట్లు మురీ మిక్చరు తిని, ఆ డబ్బులు సీనియర్ ఫోన్‌పేలోంచే కట్టి.