నేను మొబైల్ స్టార్టర్‌ని

గుడుపల్లె మండలంలో ఒక టమోటా తోట గట్టున, రేకు పెట్టెలో నా కాపురం. నాలో ఒక సిమ్ ఉంది. రైతు ఇంట్లోంచి ఫోన్ చేస్తే బోరు మోటారు వేస్తాను, ఆపమంటే ఆపుతాను. ఆయన ఎక్కించిన నంబర్లకు తప్ప ఎవరికీ పలకను.

దూరాన పుట్టిన కరెంటు ఈ ప్రాంతానికి కొత్త కాదు. పక్కనున్న కోలారు బంగారు గనులకు 1902లోనే శివనసముద్రం జలవిద్యుత్ కేంద్రం నుంచి తీగలు లాగారు. ఇప్పుడు ఆజ్ఞ కూడా దూరం నుంచే వస్తోంది, అంతే తేడా. నేను రాకముందు కరెంటిచ్చిన వేళకు, అర్ధరాత్రయినా సరే, టార్చి పట్టుకుని పొలానికి పోవాల్సిందే. దారిలో పాములు, కౌండిన్య అడవి దిగివచ్చే ఏనుగులు. తడిచేత్తో మీట వేయబోయి షాక్ కొట్టి పోయినవాళ్లు రాయలసీమలో ఎందరో. ఆ నడక తప్పించానన్న తృప్తి నాకు చాలా ఉంది.

వేయడం, ఆపడం తేలిక పని. అసలు పని కాపలా. మూడు ఫేజుల్లో ఒకటి పోయినా మోటారు తిరుగుతూనే ఉంటే వైండింగ్ కాలిపోతుంది. అందుకే వెంటనే ఆపేస్తాను. బోరులో నీళ్లు అడుగంటితే మోటారు లాగే ఆంప్స్ పడిపోతాయి. ఆ తేడా కనిపెట్టి ఆపి, యజమానికి మెసేజ్ పంపుతాను. వందల అడుగుల లోతు నుంచి మోటారు పైకి లాగి బాగుచేయించడమంటే రైతుకు అప్పే.

నాలాంటివాళ్లందరినీ ‘ఆటో’లో పెట్టేస్తే మాత్రం ముప్పే. కరెంటు రాగానే మోటార్లన్నీ ఒక్కసారే లేస్తాయి; ఆ లోడుకు ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతుంది, చేలన్నీ ఎండుతాయి. రేపటి స్టార్టర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకుని వంతులవారీగా లేవాలి. నేలలో తడి ఎంతుందో, బోరులో నీరెంతుందో తెలుసుకుని మరీ మోటారు వేయాలి.

ఫ్యాక్టరీలను, పవర్ గ్రిడ్లను నడిపే స్కాడా వ్యవస్థలు మా పెద్దలు. 2010లో బయటపడ్డ స్టక్స్‌నెట్ వైరస్ అలాంటి వ్యవస్థలోకే చొరబడి, ఇరాన్‌లోని నతాంజ్ అణుకేంద్రంలో సెంట్రిఫ్యూజులను పాడుచేస్తూనే, తెరమీద అంతా బాగున్నట్టే చూపించింది. దూరం నుంచి చూసేవాళ్లు తెరను మాత్రమే నమ్ముకోకూడదు.

అందుకే అన్నా, నాకు నీటిమట్టం చెప్పే సెన్సరొకటి జత చెయ్యి. పెట్టెలోని చేతిమీటను మాత్రం తీసెయ్యొద్దు. వారానికొకసారైనా పగటిపూట వచ్చి బోరు చూసిపో.