లీకు గొట్టపు ఫెర్నుకు టీకా తాత్పర్యం

ఆ.వె.
ఉప్పలింటి గోడ నొరగిన గొట్టము
కారు చోట నిలిచి కాలుదువ్వి
పువ్వు లేదు కాయ పుట్టదు విత్తేది
పెరిగినావు సున్నపిండి తినుచు

టీక: (ఓ ఫెర్నా!) ఉప్పలింటి గోడన్ = ఉప్పల్ అపార్టుమెంటు వెనక గోడకు; ఒరగిన గొట్టము = ఆనుకొని దిగిన బాత్రూము పైపు; కారు చోటన్ = జాయింటు దగ్గర, అనగా ప్రతి అసోసియేషన్ మీటింగులోను ప్రస్తావనకు వచ్చి వాయిదా పడు చోట; కాలుదువ్వి = దమ్ముంటే పీకమని ఆకులు చాచి; సున్నపిండి తినుచు = ప్లాస్టరులోని సున్నమును మరిగి; పెరిగినావు = మూరెడైతివి. తక్కినది స్పష్టము.

తాత్పర్యం: మేము రిపేరు చేయించనందున నీవు బతికితివి.

విశేషాలు: ఏ ఫెర్ను? నర్సరీలో తొట్టిలో వేలాడదీసి అమ్మునది కాదు. దాని ఆకు అడుగున చుక్కలు వరుసగా నుండును. దీనికి ఈనెకు రెండు పక్కల సన్నని పత్రకాలు, కొసది అన్నింటికన్న పొడవు. తిరగేసినచో అంచు లోపలికి మడత, ఆ మడత వెంట గోధుమరంగు గీత. సిద్ధబీజాలుండునది ఆ గీతలోనే. కనుక ఇది 1753లో లినేయస్ పేరుపెట్టిన టెరిస్ విట్టాటా. ఆకు తిరగేయక పిచ్చిమొక్క అనువారితో మనకు పని లేదు.

"కారు చోట" సాభిప్రాయము. సిద్ధబీజము నుండి నేరుగా ఫెర్ను రాదు. ముందు గోరంతైనా లేని పచ్చని రేకు పుట్టును. దాని మీది నీటిపొరలో మగకణాలు ఈదిపోయి అండమును చేరవలె. పైపు కారనిచో పెళ్లే లేదు. మే నెల ఉప్పల్‌లో ఇదెట్లు బతుకునను సందేహము కూడ దీనితో తీరినది.

కోరింగ మడ అడవుల్లో మనిషెత్తు ఫెర్నులుండగా ఈ మూరెడు దానిని పొగడనేల యందురా? ఆర్సెనిక్ కలిసిన నేలలో నిలిచి, ఆ విషమును పీల్చి ఆకులలో నింపుకొనునని 2001లో ఫ్లోరిడా శాస్త్రవేత్తలు నేచర్ పత్రికలో ప్రకటించిరి. శివుడు కంఠముననే ఆపెను. ఇది ఆకుల దాకా ఎక్కించినది. కాబట్టి నాచారమైనను ఉప్పలైనను, ఏ మట్టిలో మొలిచినదో తెలియనిదే దీనిని మేకకు వేయరాదు.

ప్లంబరు మాత్రము "కారు చోట" అనుచోట "మార్చు చోట" అని పాఠాంతరము చెప్పి, పన్నెండు వందలగునని వ్యాఖ్యానించెను. యతిభంగమని ప్రెసిడెంటుగారు త్రోసిపుచ్చిరి.