నల్లపిల్లికి గృహనిర్బంధం

‘చలో అసెంబ్లీ’ అనగానే తెల్లారకముందే తలుపు తట్టి, సంఘం నాయకుణ్ని స్టేషన్ బెంచీ మీద కూర్చోబెట్టే విద్య మన పోలీసులకే వచ్చనుకుని ఇన్నాళ్లూ గర్వపడ్డాను. బార్సిలోనా దగ్గరి టెరాసా పురపాలకులు ఆ గర్వం కాస్తా దించేశారు. హాలోవీన్ అనే దెయ్యాల వేషాల పండగ వస్తోందని 2025లో అక్టోబర్ 6 నుంచి నవంబర్ 10 దాకా నల్లపిల్లుల్ని ఎవరికీ పెంపకానికి ఇవ్వలేదట. తీసుకెళ్లి ఏ క్షుద్రపూజలోనో బలిస్తారేమోనని భయం. తమ ఊళ్లో అలాంటిదేమీ జరగలేదని చెప్పిందీ వాళ్లే. అప్పటికి వాళ్ల జంతు ఆశ్రయంలోని సుమారు 100 పిల్లుల్లో నల్లవి 12. తెల్లవీ చారలవీ దర్జాగా వెళ్లిపోవచ్చన్నారు. ఈ డజనుకు మాత్రం ముందస్తు అరెస్టు.

చంపేవాణ్ని వెతకాలంటే కష్టం. చచ్చేదెవరో తెలుసుగా, దాన్ని మూసిపెడితే పని సులువు. మనమూ ఓ జీవో ఇచ్చేద్దాం. అమావాస్యకు రెండు రోజుల ముందే రాష్ట్రంలోని నిమ్మకాయలన్నీ మార్కెట్ యార్డులో లొంగిపోవాలి. బూడిద గుమ్మడికాయలు తహసీల్దారు సంతకం లేనిదే పాదు దిగరాదు. నల్లకోళ్లు ప్రతి ఆదివారం స్టేషన్‌కొచ్చి కాలిముద్ర వేసి పోవాలి. దీపావళి వారమంతా గుడ్లగూబలకు నిషేధాజ్ఞలు. పిల్లి శాపాలకు ఉట్లు తెగవని సామెత చెప్పుకున్న జాతి మనది. అదే పిల్లి అడ్డొస్తే మాత్రం ప్రయాణాలు తెగిపోతాయి. కాబట్టి పిల్లులు రోడ్డు దాటేముందు ఎమ్మెల్యే గారి కాన్వాయ్ ఉందేమో చూసుకోవాలి. ‘బ్లాక్ క్యాట్’ కమాండోలు కావాలని ఒకప్పుడు ఢిల్లీకి అర్జీ పెట్టుకున్న నాయకుడే, అసలు పిల్లి కనబడితే కారు వెనక్కి తిప్పిస్తాడు.

టెరాసా వాళ్లను మరీ ఆడిపోసుకోను. పిల్లి బతకాలనే వాళ్ల తాపత్రయం. పైగా 36 రోజులని లెక్క చెప్పి మరీ మూశారు.

మన ఇళ్లలో ఆ లెక్క లేదు. శకునాల జాబితాలో పిల్లి పక్కనే భర్త పోయిన ఆడదాన్ని నిలబెట్టాం. మా మేనత్తకు 26 ఏళ్లప్పుడు మామయ్య పోయాడు. ఆ తర్వాత మా ఇంట ఏ పెళ్లయినా అరిసెలు ఆమె చేతివే. ముహూర్తం వేళకు మాత్రం, “అత్తా, కాసేపు లోపలుండు, ఎవరైనా ఏదైనా అంటే నువ్వే బాధపడతావు” అనేవాళ్లం. ఆమె మేలు కోరే! అనే నోటిని మూయించిన మగాడు మా ఇంట్లో ఒక్కడు లేడు. నేనూ మూయించలేదు. సిగ్గులేని జన్మలు మావి. నలభై ఏళ్లు ఆ మనిషి తన చేత్తో పెంచిన పిల్లల పెళ్లిళ్లను గోడ అవతల మేళం చప్పుడుగా విన్నది. అక్షింతలు ఒక్కరి నెత్తినా వేయకుండానే పోయింది.

మళ్లీ పెళ్లి ముహూర్తాలు వస్తాయి. మీ ఇంట్లో వెనకగదిలో ఎవరున్నారో, బాజాలు మోగకముందే వెళ్లి ఆ తలుపు తీయండి.